బావ మర్శినా ఫోన్ మర్వదు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా పరుచుకున్న ఈ నేల చరిత్రను ఎవరైనా పూనుకొని రాస్తే, రాజులను బట్టి రాయకూడదు. కంపెనీలు వచ్చిన క్రమాన్ని బట్టి కూడా రాయకూడదు. మిస్డ్ కాల్‌కు ముందు, మిస్డ్ కాల్‌కు తరువాత అని రెండు యుగాలుగా విడదీసి రాయాలి. ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ ఈ పనికి పూనుకోకపోవడం విద్యారంగానికి తీరని లోటు.

పొద్దున్నే పాశమైలారంలో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే ఆ మహత్తర కార్యాన్ని కళ్లారా చూడవచ్చు. టిఫిన్ డబ్బా చంకన పెట్టుకున్న మనుషులు వరుసగా లాకర్ల ముందుకు వస్తారు. ఒక్కొక్కరూ జేబులోంచి ఫోన్ తీసి, ఇంటి నంబరు నొక్కి, ఆకాశం వైపు చూస్తూ, ఒక రింగు వెళ్లేదాకా ఓపిక పట్టి, కట్ చేస్తారు. తరువాత ఫోన్‌ను లాకర్లో పెట్టి, నంబరున్న రేకు బిళ్ల తీసుకుని లోపలికి పోతారు. లోపల మందులు తయారవుతాయి. వాటికి వాడే రసాయనాల ఆవిరి చిన్న నిప్పురవ్వను కూడా క్షమించదు కాబట్టి ఫోన్ గేటు దాటరాదు. పొద్దున వెళ్లిన ఆ ఒక్క రింగుకు అర్థం "చేరిన" అని. సాయంత్రం బిళ్ల ఇచ్చి ఫోన్ తీసుకున్నాక వెళ్లే రింగుకు అర్థం "బయల్దేరిన" అని. ఆ రెండో రింగును బట్టే చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యిలు అంటుకుంటాయి, బియ్యం ఎసట్లో పడతాయి, స్నానానికి నీళ్లు కాగుతాయి.

ఈ కాల్‌ను ఎత్తడం మహాపరాధం. పొరపాటున ఎత్తితే అవతలి మనిషి గాబరా పడతాడు: "ఎందుకెత్తినవ్? ఇంటికాడ ఎవరికన్న ఏమన్న అయిందా?"

మాట్లాడటం ఖరీదైన రోజుల్లో ఈ ఆచారం పుట్టిందన్నది నిజమే. కానీ ఆ తరువాత ఫోన్ కంపెనీలు ఎంతసేపు మాట్లాడినా ఉచితమేనని ప్రకటించాయి. మిస్డ్ కాల్ చెక్కుచెదరలేదు. ఒకే కప్పు కింద బతికే ఆలుమగలు చెప్పుకోవలసిన మాటలు మొత్తం ఒక్క రింగులో సరిపోతాయన్న సత్యం అప్పటికే అందరికీ తెలిసిపోయింది. బతికే ఉన్నాను, వస్తున్నాను. అంతకు మించి ఏముంది?

ఇంతటి ఘనమైన వ్యవస్థను సంస్కరించిన వాడు లక్డారం జైపాల్.

జైపాల్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో లిఫ్టులు, మోటర్లు, దీపాలు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. ఆ టవర్లలో ఏ తలుపు తట్టినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే తీస్తాడు. ఇంతమంది ఒక్కచోట ఉండి కూడా జనానికి అక్కరకొచ్చే యాప్ ఒక్కటి తయారు చేయలేదన్నది జైపాల్ దిగులు. ఆ లోటు తీర్చే బాధ్యత తన మీద పడిందని అతడు నమ్మాడు. ప్రోగ్రాం రాయడం రాదు. ఆ చిన్న అడ్డంకిని అతడు లెక్కచేయలేదు.

అతడి ఆలోచనల్లో వాసన యాప్‌ది మొదటి స్థానం. పొద్దుగూకే వేళ లక్డారం మీదికి ఒక్కోనాడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఒక్కోనాడు వార్నీషు వాసన వస్తుంది. ముందు ముక్కుకు తగిలినవాడు ఫోన్‌లో ఒక బొత్తాం నొక్కితే, గాలి ఎటు వీస్తున్నదో చూసి, దారిలో ఉన్న ఇళ్లన్నిటికీ "ఆరేసిన బట్టలు లోపలేసుకోండి" అని కబురు పోవాలి. తరువాతది, ఫ్యాక్టరీలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, బీహార్ నుంచి వచ్చినవాళ్లు మనల్ని ఏదో అన్నప్పుడు, అది తిట్టా పొగడ్తా అన్నది వెంటనే తేల్చి చెప్పే యాప్. ఆలస్యంగా తెలిస్తే కోపం తెచ్చుకునే సమయం దాటిపోతుందని అతడి వాదన. ఇంకొకటి పెళ్లి విందులో ఏ బంతికి మన వంతు వస్తుందో ముందే చెప్పేది.

ఇవన్నీ అతడు మొదట యాదన్న చాయ్ హోటల్లో ప్రకటించేవాడు.

"నీ యాపుల మీద చాయ్ గిన కాగుతదారా?" అని అడిగేవాడు యాదన్న.

"కాగది గానీ, నీ చాయ్‌ల నీళ్లెన్ని, పాలెన్ని అని చెప్పే యాప్ జేస్త, ఆగు."

"గది జేస్తె నీకు ఉద్దెర బందు."

బెంచీ మీద అందరికన్నా గట్టిగా నవ్వేవాడు నర్సింగ్. జైపాల్‌కు అతడు బావ, అక్క సుమిత్ర భర్త. "మా బామ్మర్ది బుర్రల ఫ్యాక్టరీ ఉన్నది భాయ్," అనేవాడు. "మూడు షిఫ్టులు నడుస్తది. మాల్ మాత్రం గేటు దాటి బయటికి రాదు."

తల్లి చిన్నప్పుడే పోతే జైపాల్‌ను పెంచింది సుమిత్ర. తమ్ముడికి అన్నం కలిపి పెట్టిన చేత్తోనే భర్తకూ పెట్టింది, ఆ తరువాత కూతురు నిషితకూ పెట్టింది. నర్సింగ్‌కు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్ ఉద్యోగం. మంచివాడు, ఒంట్లో బలమున్నవాడు, నలుగురినీ నవ్వించేవాడు. మతిమరుపులో మాత్రం ఆయనకు సాటి లేరు. బండికే తాళం వదిలేసి చొక్కా జేబులన్నీ తడుముకునే మనిషి. ఒకసారి నిషితను ట్యూషన్ నుంచి తేవడానికి పోయి, దారిలో లేత సొరకాయ కనిపిస్తే కొని, దానితో తిరిగి వచ్చాడు. "పిల్ల యాడ?" అని సుమిత్ర అడిగితే, సొరకాయ వైపు ఒకసారి, వాకిలి వైపు ఒకసారి చూశాడట.

అలాంటి మనిషి ఒకనాటి పొద్దున, గేటు దగ్గర రింగు ఇవ్వడం మరిచాడు.

ఆ తరువాత జరిగింది గేటు దగ్గర ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. షేర్ ఆటోలోంచి ఒక ఆడమనిషి దిగింది. కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో పప్పు గంటె ఉంది.

"ఏం గావాలె అమ్మా?" అన్నాడు సెక్యూరిటీ మనిషి, గంటె అందనంత దూరంలో నిలబడి.

"మా ఆయన నర్సింగ్. లోపట ఉన్నడా?"

"ఉన్నడు."

"బతికే ఉన్నడా?"

"నడుసుకుంట పోయిండు తల్లీ."

నర్సింగ్‌ను పిలిపించారు. నెత్తికి టోపీ, ముక్కుకు గుడ్డ, కళ్లలో ఆశ్చర్యం. "ఏందే, గిట్లొచ్చినవ్?"

"రింగెందుకియ్యలే?"

"అరె... మర్శిన."

"ఇయ్యాల రింగు మర్శినవ్. రేపు నన్ను మర్శిపో."

"నిన్నెట్ల మర్శిపోత గానీ, గంటెందుకు పట్కొచ్చినవే?"

అప్పటిదాకా తన చేతిలో గంటె ఉన్నదన్న సంగతి సుమిత్రకు తెలియదు. షిఫ్టు మొత్తం నవ్వింది. ఆ రోజు నుంచి కంపెనీలో ఆయనకు గంటె నర్సింగ్ అని పేరు స్థిరపడింది. ఆయన కూడా ఆ బిరుదును గర్వంగానే మోశాడు.

జైపాల్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం అతడు వెళ్లేసరికి అక్క బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. ఏరిన చోటే మళ్లీ ఏరుతున్నది.

"అటుదిక్కు సైరన్ కూసినా, వాసనొచ్చినా, నాకు ఊపిరాడది తమ్మీ," అంది. "గా రింగు మోగినంక బువ్వ గొంతు దిగుతది. నీకన్ని ఉపాయాలొస్తయ్ గదా. దీనికేమన్న ఉన్నదా?"

అతడి ఆలోచనలను ఒక మనిషి నవ్వకుండా అడగడం అదే మొదటిసారి.

"మనిషి మీద ఇడిశిపెట్టుడే తప్పక్కా," అన్నాడు జైపాల్. "గేటు కాడికి వోంగనె ఫోనే తనంతట తాను రింగు ఇయ్యాలె. నేను జేస్త. ఇగ నువ్వు పరేషాన్ గాకు. బావ మర్శినా ఫోన్ మర్వదు."

మాట ఇచ్చేశాక అతడికి గుర్తొచ్చింది, ప్రోగ్రాం రాయడం రాదని.

అయితే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మధ్య పనిచేసేవాడికి అవకాశాలు వాటంతటవే పైనుంచి దిగుతాయి. ఈసారి అవకాశం దిగుతూ దిగుతూ మధ్యలో ఆగింది. బీ టవర్ లిఫ్టు రెండు అంతస్తుల నడుమ నిలిచిపోయింది. లోపల చంద్రకాంత్ ఉన్నాడు. పెద్ద కంపెనీలో పెద్ద ఇంజనీరు, మర్యాదస్తుడు. జైపాల్ తాళంచెవి పట్టుకుని వచ్చి, తలుపు సందులోంచి పలకరించాడు.

"సార్, నేను జైపాల్‌ని. గాలి ఆడుతుందా సార్?"

"ఆడుతుంది. తలుపు తియ్యి."

"తీస్తున్న సార్. ఒక్క డౌట్ ఉండె. ఫోన్ ఒక జాగకు పోంగనె, ఎవరూ ముట్టకుండ తనంతట తానే మిస్డ్ కాల్ ఇయ్యాలంటె యాప్ జేస్తరా సార్?"

"జైపాల్, ముందు తలుపు తియ్యి."

"మోటర్ చల్లారాలె సార్. అంతల జెర చెప్పున్రి."

మోటర్ చల్లగానే ఉంది. చంద్రకాంత్‌కు వేరే దారి లేదు. లిఫ్టు గోడకు ఆనుకుని, "దానికి కొత్త యాప్ ఎందుకయ్యా? ఫ్రీగానే దొరుకుతాయి," అని మొదలుపెట్టాడు. ఫలానా చోటికి ఫోన్ వస్తే ఫలానా పని చెయ్యి, ఆ చోటు వదిలితే ఇంకో పని చెయ్యి అని మనం ఒకసారి చెప్పి పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని వివరించాడు. తన ఆలోచన లోకానికి అప్పటికే తెలుసని విన్న ఏ ఆవిష్కర్తకైనా మనసు చివుక్కుమంటుంది. జైపాల్ మాత్రం అక్కను తలుచుకుని, సంతోషంగా తలుపు తీశాడు.

ఆ ఆదివారం జైపాల్ బావ ఫోన్‌ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మ్యాపులో కంపెనీ చుట్టూ ఒక వలయం గీసి దానికి "గేటు" అని పేరు పెట్టాడు. ఆ వలయంలోకి వస్తే ఒక రింగు, దాటి పోతే ఒక రింగు. రెండూ సుమిత్ర ఫోన్‌కే.

నర్సింగ్ పక్కన చతికిలబడి చూశాడు. "అంటె నేను లేకున్న నా ఫోనే సంసారం చేస్తదా బామ్మర్దీ?"

"సంసారమేమో గానీ, రింగు మాత్రం టైముకు ఇస్తది బావా."

"మంచిగైంది. ఇగ మీ అక్క గంటె పట్కోని ఉరికిరాదు."

"వస్త," అంది సుమిత్ర వంటింట్లోంచి. "ఈసారి రోకలి తెస్త."

మరునాడు జైపాల్ డ్యూటీకి ఆలస్యమైనా సరే, అక్క ముందు కూర్చున్నాడు. రింగు మోగింది. ఒక్కసారి మోగి ఆగింది. "సూడక్కా, ఎవ్వలూ చెయ్యి వెట్టలే!" అన్నాడు. సుమిత్ర ఫోన్‌ను కళ్లకు అద్దుకుంది. అతడి జీవితంలో అదే గొప్ప రోజు. ఆ రోజుకు పత్రికలవాళ్లు ఎవరూ రాలేదు.

కొద్దిరోజులకు సంస్కరణ మరో అడుగు వేసింది. కంపెనీ నుంచి వచ్చిన మనిషి ఒంటి మీది మందు వాసనతో పిల్లను ముట్టకూడదని ఆ ఇళ్లలో ఒక కట్టుబాటు. ముందు వాకిట్లోనే వేడినీళ్ల స్నానం, తరువాతే గడప. అందుకని లక్డారం మలుపు దగ్గర జైపాల్ ఇంకో వలయం గీశాడు. దానికి "మలుపు" అని పేరు. గేటు రింగుకు నీళ్ల కాగు పొయ్యెక్కాలి, మలుపు రింగుకు నీళ్లు బకెట్లోకి దిగాలి. ఇంటి చుట్టూ కూడా ఒకటి గీసి "ఇల్లు" అని పేరు పెట్టాడు. దానికి రింగు ఏమీ లేదు. ఇంటికి వచ్చిన మనిషికి రింగు దేనికి?

ఊళ్లో ఈ సంగతి తెలిసి ఆడవాళ్లు భర్తల ఫోన్లు పట్టుకుని జైపాల్ దగ్గరికి వచ్చారు. నాలుగిళ్ల అవతల ఉండే సత్తెమ్మకు దీనివల్ల అనుకోని లాభం కలిగింది. గేటు రింగుకూ మలుపు రింగుకూ మధ్య ఆమె భర్తకు పట్టే సమయం నర్సింగ్‌కు పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ. ఆ ఎక్కువ సమయం ఆయన కల్లు కాంపౌండులో గడుపుతున్నట్టు తేలింది. "నువ్వు సల్లగుండాలె బిడ్డా," అని సత్తెమ్మ దీవించింది. ఆమె భర్త చాలాకాలం జైపాల్‌తో మాట్లాడలేదు.

సుమిత్రకు గొంతు దిగని బువ్వ దిగడం మొదలైంది. ఒళ్లు చేసిందని నర్సింగ్ ఎగతాళి చేసేవాడు.

ఒక రోజు షిఫ్టు వదలడానికి ఇంకా రెండు గంటలుందనగా, పెద్ద ట్యాంకు కడగడానికి దిగిన ఒక కుర్ర కూలీ పిలిస్తే పలకలేదు. చూసి వస్తానని నర్సింగ్ దిగాడు. పిల్లవాణ్ని ఎత్తి పైవాళ్ల చేతికి అందించాడు. తాను మాత్రం ఎక్కి రాలేదు. మాస్కు వేసుకోవడం మరిచాడని ఆ తరువాత కంపెనీ అంది. మాస్కు ఎవరూ ఇవ్వలేదని అతడి పక్కన పనిచేసే సాజిద్ అన్నాడు. నర్సింగ్ మతిమరుపు ఎంత ప్రసిద్ధమంటే, కంపెనీ మాటనే చాలామంది నమ్మారు.

ఆయనను సామాను లారీలు వచ్చే వెనక గేటు నుంచి అంబులెన్సులో సంగారెడ్డి వైపు తీసుకుపోయారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఇంటికి కబురు ఆఫీసువాళ్లు చేస్తారన్నారు. వాళ్లు ఎలా చెబుతారో సాజిద్‌కు తెలుసు. ఫోన్‌లో ముక్తసరిగా చెప్పి పెట్టేస్తారు. అలా వద్దనుకున్నాడు. నర్సింగ్ విప్పి తగిలించిన చొక్కా జేబులో రేకు బిళ్ల ఉంది. దాన్ని ఇచ్చి, లాకర్లోంచి ఫోన్ తీసుకున్నాడు. అయినవాళ్ల వస్తువు అయినవాళ్ల చేతిలోనే పెట్టాలన్నది అతడి పెంపకం. ఫోన్‌ను జేబులో వేసుకుని, బండి ఎక్కి, ముందు గేటు దాటి, లక్డారం వైపు తిప్పాడు.

లక్డారంలో సుమిత్ర ఫోన్ ఒకసారి మోగి ఆగింది.

"ఇయ్యాల జెర జల్దీ బయల్దేరిండు మీ నాయిన," అని ఆమె నిషితతో అంది. కాగు పొయ్యి మీద పెట్టి మంట ఎగదోసింది. బియ్యం కడిగింది. మలుపు దగ్గరి రింగు వచ్చింది. నీళ్లు బకెట్లోకి వంచి, వాకిట్లో రాయి పక్కన పెట్టి, తువ్వాల, లుంగీ, సబ్బు తెచ్చి పెట్టింది.

బండి చప్పుడైతే తల ఎత్తింది. సాజిద్ దిగాడు. ఆవిర్లు కక్కుతున్న బకెట్‌ను చూసి అక్కడే ఆగిపోయాడు.

"రా సాజిదన్నా. ఆయన ఎన్కొస్తుండా?"

"భాభీ..."

"కూసో. మలుపు కాడ దాక వచ్చిండు. ఇప్పుడే రింగొచ్చింది."

సాజిద్ జేబులోంచి ఫోన్ తీసి చేయి చాచాడు. సుమిత్ర ఆ ఫోన్ వైపు చూసి, నుదురు కొట్టుకుని నవ్వింది.

"గీ మనిషి ఏం మర్వడు చెప్పు! ఆఖరికి ఫోన్ గూడ మర్శి, నీతోటి పంపిండా?"

సాజిద్ అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఏం జరిగిందో ఏడుస్తూనే చెప్పాడు. చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. సుమిత్ర ఏడవలేదు. "కాదన్నా, నీకు తెల్వది. ఆయన బయల్దేరిండు," అని అతడికే ఓపికగా నచ్చజెప్పింది. నీళ్లు చల్లారుతాయని బకెట్ మీద పళ్లెం మూసింది.

జైపాల్ తెల్లాపూర్ నుంచి వచ్చేసరికి ఆమె ఆ బకెట్ పక్కనే కూర్చుని ఉంది. రెండు చేతుల్లో నర్సింగ్ ఫోన్.

"తమ్మీ, వచ్చినవా. వీళ్లు ఏందేందో చెప్తున్నరు. నువ్వన్నవ్ గదా, బావ మర్శినా ఫోన్ మర్వదని. మలుపు కాడ దాక వచ్చిండని రింగిచ్చింది. అటెన్క యాడికి వోయిండో జెర దీంట్ల సూడు."

వద్దని ఎవరో అన్నారు. అయినా జైపాల్ ఫోన్ తీసుకున్నాడు. అక్క అడిగింది కాబట్టి, తెరిచి చూశాడు. తాను పెట్టిన పేర్లే వరుసగా కనిపించాయి. గేటు దాటినట్టు ఉంది. మలుపుకు వచ్చినట్టు ఉంది. ఆ కింద, నర్సింగ్ ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో ఒక్క మాటలో చూపించింది.

ఇల్లు.

"ఏమని ఉన్నదిరా?" అంది సుమిత్ర.

ప్రతిదానికీ ఒక ఉపాయం చెప్పే జైపాల్ ఆమె ఒళ్లో తల పెట్టి గట్టిగా ఏడ్చాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

మరునాడు నర్సింగ్ వచ్చాడు. వాకిట్లో మళ్లీ నీళ్లు కాచారు. ఈసారి రింగు ఏదీ రాలేదు. ఫోన్ అప్పటికే ఇంట్లో ఉంది.

కర్మకాండలు అయిపోయాక జైపాల్ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాడు. ఫోన్లు అడిగి తీసుకుని, తాను గీసిన వలయాలన్నీ చెరిపేశాడు. సత్తెమ్మ మొదట ఒప్పుకోలేదు. "దానిమీదనే మా ఆయన కల్లు బందు వెట్టిండు బిడ్డా," అంది. "ఫోనొస్తె మనిషొచ్చినట్టు కాదు పెద్దమ్మా," అన్నాడు జైపాల్. ఆమె ఫోన్ ఇచ్చింది. గేటు దగ్గర మనుషులు మళ్లీ పాత పద్ధతిలో ఆకాశం వైపు చూస్తూ, ఇంటి నంబరు తమ వేలితోనే నొక్కడం మొదలుపెట్టారు. సంస్కరణ యుగం అలా ముగిసింది.

తెల్లాపూర్‌లో లిఫ్టులు మామూలుగానే ఆగుతూ, నడుస్తూ ఉన్నాయి. ఒకరోజు చంద్రకాంత్ పలకరించాడు.

"ఏం జైపాల్, ఈమధ్య కొత్త ఐడియాలేం చెప్పట్లేదు?"

"లేవు సార్." నిచ్చెన గోడకు ఆనించి అడిగాడు, "సార్, ఫోన్ ఎవరి జేబుల ఉన్నదో ఫోన్‌కు తెలుస్తదా? సొంతగాని తాననే ఉన్నదా, వేరేటోని తాన ఉన్నదా అని?"

"ఫోన్‌కు కష్టం. కానీ చేతి గడియారాలు వచ్చాయి కదా. అవి నాడి చూస్తాయి."

"నాడి ఆగిపోతె?"

"ఇంట్లోవాళ్లకు మెసేజ్ పంపేవి కూడా ఉన్నాయి. కావాలంటే చూసి చెప్తాను."

పొయ్యి ముందు కూర్చున్న అక్క ఫోన్‌కు ఆ మెసేజ్ రావడాన్ని జైపాల్ ఒకసారి ఊహించుకున్నాడు. "వద్దు సార్," అని, నిచ్చెన భుజానికి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

అతడు చెరపలేకపోయింది ఒక్క ఫోన్‌లోనే. నర్సింగ్ ఫోన్‌ను సుమిత్ర బీరువాలో బట్టల మధ్య పెట్టింది. రోజూ తీసి చార్జింగ్ పెడుతుంది, మళ్లీ లోపల పెడుతుంది. ఇనుప బీరువాలో ఉన్న ఫోన్‌కు సిగ్నల్ సరిగా అందక, తాను ఎక్కడ ఉన్నానన్నది ఒక్కోసారి తప్పుగా తోస్తుంది. ఊరి మలుపు దాకా వెళ్లి వచ్చినట్టు అనుకుంటుంది. అనుకున్నప్పుడల్లా, చెప్పి పెట్టిన పని మరవకుండా, సుమిత్రకు ఒక రింగు ఇస్తుంది.

మొదటిసారి అది మోగినప్పుడు జైపాల్ అక్కడే ఉన్నాడు. ఒక్కసారి మోగి ఆగింది. ఇద్దరూ బీరువా వైపు చూశారు.

"తియ్యి అక్కా, దాన్ని చెరిపేస్త."

"ఉండనీ," అంది సుమిత్ర.

ఆ రింగు రోజూ రాదు. ఎప్పుడో ఒకప్పుడు. మబ్బు పట్టిన రోజున కాస్త ఎక్కువగా. ఆమె కూరగాయలు తరుగుతూ ఉంటుంది, నిషిత హోంవర్కు చేసుకుంటూ ఉంటుంది, రింగు వస్తుంది. నిషిత తల ఎత్తదు. సుమిత్ర కత్తి ఆపి, కాసేపటికి మళ్లీ మొదలుపెడుతుంది.

కొన్నాళ్లకు నర్సింగ్ ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. సుమిత్ర దాన్ని తమ్ముడికి చూపించింది. "ఏమని రాసిన్రురా?"

ప్యాకు గడువు ముగియబోతున్నదని రాసి ఉంది. జైపాల్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఇదే మంచిదనుకున్నాడు. తాను చెరపలేనిదాన్ని ఫోన్ కంపెనీ చెరుపుతుంది, ఎవరి మీదా నింద ఉండదు.

"ఏం లేదక్కా. అడ్వర్‌టైజ్."

గడువు తీరింది. రింగులు ఆగిపోయాయి. ఒక ఆదివారం జైపాల్ వస్తే సుమిత్ర అన్నం పెట్టింది. అతడు తింటుంటే, తాను ఎదురుగా కూర్చుంది. తన పళ్లెంలో కలిపిన ముద్ద అలాగే ఉంది.

"మీ బావ ఫోన్ ఖరాబైందా తమ్మీ?"

"టవర్ లేదేమో అక్కా."

"అబద్ధమాడకు. నీకు చిన్నప్పటిసంది రాదు." పళ్లెం పక్కకు జరిపింది. "నాకు తెల్వదనుకుంటున్నవా? ఫోన్ బీర్వల ఉన్నది. నా చేతులతోటే పెట్టిన. ఆయన రాడని నాకెరుకనే. రింగొస్తె లేశి నీళ్లు పెడుతున్ననా? పెడ్తలేను. కానీ నీళ్లు పెట్టాలె అని ఒక్క నిమిషం అనిపిస్తది. గా ఒక్క నిమిషం ఆయన మలుపు కాడ ఉంటడు. దాన్ని గూడ తీసేసినవా?"

జైపాల్ చేయి కడుక్కుని లేచాడు.

ఊరి నడుమ యాకూబ్ దుకాణం ఉంది. సిమ్ములు, చార్జర్లు, ఫోన్ కవర్లు అమ్ముతాడు, అందరి ఫోన్లకూ రీచార్జ్ చేస్తాడు. ఊళ్లో ఎవరి నంబరు ఎవరిదో ఆయనకు నోటికి తెలుసు. జైపాల్ అంకెలు ఒక్కొక్కటే చెబుతుంటే నొక్కుతూ వచ్చి, చివరి అంకెకు ముందు ఆగాడు.

"ఏ నర్సింగ్ కా హై నా, బేటా?"

"అవు చాచా, బావదే."

"ఏ ప్యాక్ ఎయ్యాలె?"

"ఎక్కువ దినాలు నడిచేది."

యాకూబ్ చివరి అంకె నొక్కాడు. అయిపోయిందన్నట్టు తల ఊపాడు.

మిస్డ్ కాల్‌కు చార్జీ పడదు. కాకపోతే అది ఇవ్వాలన్నా ఫోన్‌లో రీచార్జ్ ఉండాలి.